యూనిసైకిల్ సీటు మీద గంటసేపు హాయిగా కూర్చోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

యూనిసైకిల్ (ఒంటిచక్రపు సైకిల్) తొక్కడం వచ్చినవాళ్లలో చాలామంది రెండు మూడు కిలోమీటర్లు పోయాక దిగిపోయేది కాళ్లు అలిసిపోయి కాదు, ఇక కూర్చోలేక. నిలదొక్కుకోవడం నేర్చుకోవడానికి వారాల తరబడి గోడలు పట్టుకుని తిరిగినవారికి కూడా, కూర్చోవడం విడిగా నేర్చుకోవలసిన పని అని తోచదు. సీటు బాగాలేదని తీర్మానించుకుని, ఇంకా మెత్తని సీటు కోసం వెతుకులాట మొదలుపెడతారు. నేనూ అదే చేశాను. కొత్త సీటు వచ్చిన రోజు పాత బాధే కొత్త చోట మొదలైంది. సీటు మార్చవలసిన సందర్భాలు ఉంటాయి కాని, అది వరసలో చివరి పని. ఎత్తు, వాలు, బట్టలు, తొక్కే తీరు సరిచేసుకున్న తరవాత కూడా బాధ మిగిలితేనే డబ్బు ఖర్చు పెట్టాలి. ఈ వ్యాసం ఆ వరసలోనే నడుస్తుంది. తొక్కడం ఓ మాదిరిగా వచ్చి, ఒకటి రెండు కిలోమీటర్ల నుంచి ఇరవై ముప్పై కిలోమీటర్లకు వెళ్లాలనుకునేవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

అసలు ఈ బాధ ఇంతగా ఎందుకు ఉంటుందో ముందు తెలియాలి. మామూలు సైకిల్ మీద ఒంటి బరువును హ్యాండిల్, పెడళ్లు, సీటు మూడూ పంచుకుంటాయి. పైగా తొక్కడం ఆపి, పెడళ్ల మీద లేచి నిలబడి, బండిని దాని మానాన పోనివ్వవచ్చు. యూనిసైకిల్‌కు గొలుసూ లేదు, తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే ఫ్రీవీలూ లేదు. క్రాంకులు, అంటే పెడళ్లను మోసే కడ్డీలు, నేరుగా చక్రపు ఇరుసుకే బిగించి ఉంటాయి కనుక చక్రం తిరిగినంతసేపూ పాదాలు తిరగవలసిందే. తొక్కడం ఆపి సేదతీరే వీలు లేదు. దీనికి తోడు, నేర్చుకునే రోజుల్లో అందరూ చెప్పే మాట 'బరువంతా సీటు మీదే వేయి' అన్నది. ఆ దశలో అది సరైన మాటే, ఎందుకంటే కొత్తవారు పెడళ్ల మీద నిలబడిపోయి చక్రాన్ని కుదుపుతారు. కాని అదే అలవాటును గంటసేపు కొనసాగిస్తే, ఒంటి బరువంతా అరచేయంత చోట మీద కదలకుండా నిలిచిపోతుంది.

లెక్క కూడా చూడండి. 24 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 1.9 మీటర్లు పోతుంది. అంటే 10 కిలోమీటర్లకు దాదాపు 5,200 చుట్లు. 29 అంగుళాల చక్రానికి అవి దాదాపు 4,300. దూరప్రయాణాలకు వాడే 36 అంగుళాల చక్రం చుట్టుకు సుమారు 2.87 మీటర్లు పోతుంది కనుక 3,500 చుట్లు చాలు. ప్రతి చుట్టులోనూ రెండు తొడలూ సీటు అంచులను ఒరుసుకుంటాయి. కూర్చునే పద్ధతిలో ఉన్న చిన్న లోపం కూడా అన్ని వేలసార్లు జరిగేసరికి పుండు అవుతుంది. అలాగని ఇది మనిషి శరీరానికి మించిన పని కాదు. ఎడ్ ప్రాట్ అనే యువకుడు 2015లో ఇంగ్లండ్‌లోని సోమర్సెట్ నుంచి 36 అంగుళాల యూనిసైకిల్ మీద బయలుదేరి, 2018లో భూమిని చుట్టి ఇంటికి చేరాడు.

ముందుగా: బాధ ఏ రకమో తేల్చుకోండి

'సీటు నొప్పి' అని ఒక్కమాటలో చెప్పేది నిజానికి మూడు వేరువేరు బాధలు. వాటికి మందు ఒకటి కాదు.

మొదటిది ఎముకల నొప్పి. కూర్చున్నప్పుడు పిరుదుల అడుగున చేతికి తగిలే రెండు ఎముకల దగ్గర ఇది వస్తుంది. కొత్తగా మొదలుపెట్టినవారికీ, చాలా రోజుల విరామం తరవాత ఎక్కినవారికీ సహజం. వారానికి మూడు నాలుగుసార్లు కొద్దికొద్దిగా తొక్కుతూ ఉంటే రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతుంది.

రెండోది ఒరుపు. తొడల లోపలివైపు, గజ్జల్లో చర్మం ఎర్రబడి మండుతుంది. ఇది అలవాటుతో తగ్గదు. ఈ రోజు ఒరుసుకున్న చోటే రేపు ఇంకా త్వరగా ఒరుసుకుంటుంది. దీనికి బట్ట, ఎత్తు, సీటు నిటారు (పక్కకు తిరగకుండా తిన్నగా ఉండటం) ఈ మూడింటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది.

మూడోది తిమ్మిరి. మలద్వారానికీ జననాంగాలకూ మధ్యనున్న మెత్తని భాగం గుండా నరాలు, రక్తనాళాలు పోతాయి. సీటు వాటిని నొక్కిపెట్టినప్పుడు స్పర్శ తెలియకుండా పోతుంది. నొప్పి లేదు కదా అని చాలామంది దీన్ని ఓర్చుకుంటారు. మూడింటిలో అసలు ఓర్చుకోకూడనిది ఇదే. తిమ్మిరి తెలిసిన మరుక్షణం దిగి, నాలుగడుగులు నడిచి, స్పర్శ పూర్తిగా వచ్చాకే మళ్లీ ఎక్కాలి. అదే రోజు మళ్లీ వస్తే ఇక ఆ రోజుకు ఆపేయాలి. పురుషులకూ స్త్రీలకూ ఈ మాట సమానంగా వర్తిస్తుంది.

ఒక వారంపాటు ప్రతి సవారీ తరవాత ఏ బాధ, శరీరంలో ఎక్కడ, ఎన్ని నిమిషాలకు మొదలైందో రెండు ముక్కలు రాసిపెట్టుకోండి. ఇది చాదస్తంలా కనిపిస్తుంది కాని, ఆ కాగితం లేకపోతే కింద చెప్పే మార్పుల్లో ఏది పనిచేసిందో మీకు తెలియదు.

మొదటి దశ: ఎత్తు, నిటారు

సీటు ఎత్తును ఇంట్లో మామూలు బట్టలతో, చెప్పుల్లేకుండా చూసుకోకూడదు. రోడ్డు మీద వేసుకునే షార్ట్స్, బూట్లు వేసుకునే చూడాలి. షార్ట్స్ లోపలి మెత్త (ప్యాడ్) మందం, బూటు అడుగు మందం కలిస్తే సెంటీమీటరుకు పైనే తేడా వస్తుంది. గోడను ఒక చేత్తో పట్టుకుని సీటు మీద బరువంతా వేసి కూర్చోండి. ఒక పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. నడుము ఒక పక్కకు ఒరగకుండా కాలు నిటారుగా చాపుకోగలిగితే ఎత్తు దాదాపుగా సరిపోయినట్టే. తొక్కేటప్పుడు పెడల్ మీద ఉండేది మడమ కాదు, వేళ్ల మొదళ్ల దగ్గరి భాగం కనుక అప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది.

కొత్తవారి సీటు ఎప్పుడూ తక్కువ ఎత్తులోనే ఉంటుంది, ఎందుకంటే పడతామన్న భయంతో కాలు నేలకు అందాలని చూసుకుంటారు. తొక్కడం వచ్చాక దాన్ని పెంచడం మరిచిపోతారు. సీటు తక్కువగా ఉంటే మోకాలు ప్రతి చుట్టులోనూ పైకి లేచి, తొడ సీటు ముందుభాగాన్ని ఒరుసుకుంటుంది. పాదాల మీద బరువు వేసి పైకి లేవడమూ కష్టమవుతుంది. ఎత్తు మరీ ఎక్కువైతే పెడల్ అందుకోవడానికి నడుము అటూ ఇటూ ఊగి, కాళ్ల సందు సీటు మీద ఎడమకూ కుడికీ రాసుకుంటుంది. ఈ రెండింటిలో రెండోదే ఎక్కువ హాని చేస్తుంది. ఎవరినైనా వెనక నుంచి ఫోన్‌లో వీడియో తీయమనండి: షార్ట్స్ నడుము పట్టీ తక్కెడ కాడలా ఊగుతూ ఉంటే సీటు దించాలి.

మార్పు ఒక్కసారికి 5 మిల్లీమీటర్లకు మించకూడదు. సీటు పైపు చుట్టూ, దాన్ని బిగించి ఉంచే క్లాంపుకు సరిగ్గా పైన ఒక ఇన్సులేషన్ టేపు ముక్క అంటించండి. పైపును ఎంత కదిపారో అదే చెబుతుంది, పైగా దారిలో పైపు నెమ్మదిగా కిందికి జారుతూ ఉంటే ఆ సంగతీ చెబుతుంది. పైపు మీద చెక్కిన కనీస లోతు గీత కనిపించేంత పైకి మాత్రం ఎప్పుడూ లాగకండి.

ఇక నిటారు. సీటు చక్రానికి సరిగ్గా ఎదురుగా కాకుండా రెండు మూడు డిగ్రీలు పక్కకు తిరిగి ఉన్నా కంటికి కనిపించదు, కాని ఒక తొడే ఒరుసుకుంటుంది. ఒరుపు ఎప్పుడూ కుడివైపే, లేదా ఎప్పుడూ ఎడమవైపే వస్తోందంటే మొదట అనుమానించవలసింది దీన్నే. బండిని నిలబెట్టి, సీటుకు నేరుగా పైనుంచి ఒక కన్ను మూసి చూడండి. సీటు ముందున్న ప్లాస్టిక్ బంపరు మధ్యభాగం, టైరు మధ్యగీత ఒకే వరసలో ఉండాలి. బండి కిందపడ్డప్పుడు మొదట నేలకు తగిలేది సీటే కనుక, పడ్డ ప్రతిసారీ ఇది తప్పిపోతుంది. క్లాంపును మరీ బిరుసుగా బిగిస్తే పడ్డప్పుడు సీటు తిరగడానికి బదులు విరుగుతుంది. చేత్తో గట్టిగా తిప్పితే తిరగనంత బిగింపు చాలు.

రెండో దశ: వాలు

యూనిసైకిల్ సీటు అరటిపండులా వంగి ఉంటుంది. ముందూ వెనకా లేచి, మధ్యలో పల్లంగా ఉండే ఈ ఆకారం వల్ల మనిషి జారిపోకుండా కుదురుగా కూర్చుంటాడు, కాళ్ల మధ్య సీటు నిలుస్తుంది. కాని ఆ లేచిన ముందుభాగమే మెత్తని అవయవాలను నొక్కేది కూడా. అందుకే ఎత్తు తరవాత చూసుకోవలసింది సీటు ముక్కు ఎంత పైకి ఉంది, ఎంత కిందికి ఉంది అన్నది. తిమ్మిరి ముందువైపు వస్తుంటే ముక్కును కొద్దిగా దించాలి. ముక్కు మరీ దిగిపోతే ఒళ్లు ముందుకు జారుతుంది, ఆ జారుడును ఆపడానికి చేతులు సీటు ముందుండే పిడిని నెట్టుతూ ఉండాలి, చివరికి బరువంతా మళ్లీ ఆ ముందుభాగం మీదికే చేరుతుంది. కనుక 'ఎంత దించితే అంత సుఖం' అన్న సూత్రం ఇక్కడ పనికిరాదు.

చాలా సీట్ల అడుగున నాలుగు బోల్టులు ఉంటాయి. వాటి మీదే సీటు పైపు పళ్లెం కూర్చుంటుంది. కొన్ని నమూనాల్లో వాలును మార్చుకునే రైలు అమరిక ఉంటుంది, అలాంటిది ఉన్నవారు అదృష్టవంతులు. లేనివారికి రూపాయిల్లో తేలిపోయే ఉపాయం వాషర్లు. దాన్ని నేను చేసుకున్న పద్ధతి చెబుతాను.

బండిని తలకిందులుగా తిప్పి, సీటును పాత దుప్పటి మీద ఆనించాను. నాలుగు నట్లనూ పానాతో విప్పాను, కాని ముందువైపు రెండింటినీ పూర్తిగా ఊడదీయకుండా చివరి మరల మీద ఉంచాను. వెనక రెండు బోల్టుల దగ్గర పళ్లేన్ని కొద్దిగా పైకెత్తి, పళ్లేనికీ సీటు అడుగుకూ మధ్య ఒక్కో బోల్టుకు రెండేసి వాషర్లు తొడిగాను. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే 6 మిల్లీమీటర్ల బోల్టు వాషరు మందం ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు. రెండు కలిస్తే మూడు మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువ. వెనకభాగం ఆ మేరకు లేచింది కనుక ముక్కు దిగింది. చూడ్డానికి అల్పమైన మార్పు. సీటు పొడవునా లెక్కిస్తే ముక్కు దగ్గర సెంటీమీటరుకు కాస్త తక్కువ. తిరిగి నట్లు బిగించేటప్పుడు ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి పోకుండా, ఎదురుబొదురు మూలలను వంతులవారీగా కొంచెం కొంచెంగా బిగించాను, ఎందుకంటే సీటు అడుగు ప్లాస్టిక్‌దైతే ఒక్కచోట బలం పడితే పగులుతుంది. ముక్కు పైకి లేపాలంటే ఇవే వాషర్లు ముందు రెండు బోల్టులకు వేయాలి. వాషర్లు వేశాక బోల్టు చివర నట్టు దాటి ఒకటి రెండు మరలైనా బయటికి కనిపిస్తోందా చూడండి. కనిపించకపోతే పొడవైన బోల్టు కావాలి.

మార్పుకు ముందూ తరవాతా రసమట్టాన్నో, ఫోన్‌లోని మట్టం యాప్‌నో సీటు ముందు కొస నుంచి వెనక కొసకు ఆనించి, ఎన్ని డిగ్రీలో రాసుకోండి. ఒకే దారిలో, ఒకే దూరం, కనీసం మూడు సవారీలు చేశాకే ఆ మార్పు మీద తీర్పు చెప్పాలి. ఎత్తునూ వాలునూ ఒకే రోజు మార్చవద్దు.

మూడో దశ: బట్టలు, చర్మం

జీన్స్‌తో యూనిసైకిల్ తొక్కేవారిని చూస్తే నాకు ఇప్పటికీ జాలి వేస్తుంది. జీన్స్ ప్యాంటులో నాలుగు మందపాటి కుట్లు వచ్చి కలిసే ముడి ఎక్కడ ఉంటుందో ఒకసారి చేత్తో తడిమి చూసుకోండి. సరిగ్గా సీటు నొక్కే చోటే ఉంటుంది. నూలు లోదుస్తుల అంచు కుట్టు గజ్జల గీత వెంబడి పోతుంది, చెమటకు తడిసి తాడులా చుట్టుకుంటుంది.

సైకిల్ తొక్కేవారు వేసుకునే ప్యాడ్ ఉన్న బిగుతు షార్ట్స్ దీనికి సరైన మందు. వాటిని లోదుస్తులు లేకుండా, నేరుగా ఒంటి మీదే వేసుకోవాలి. ఈ మాట చెబితే చాలామంది ఇబ్బందిగా నవ్వేసి, లోదుస్తుల మీదే వేసుకుంటారు. అప్పుడు ప్యాడ్‌కు పెట్టిన డబ్బు వృథా. బయటికి కనిపించడం ఇష్టం లేకపోతే పైన వదులైన పలచని షార్ట్స్ వేసుకోవచ్చు. ప్యాడ్ మందంగా ఉంటే మంచిదన్న భ్రమ వద్దు. యూనిసైకిల్ సీటే మందంగా ఉంటుంది, దాని మీద మరో మందపాటి మెత్త వేస్తే తొడల మధ్య చోటు చాలక ఒరుపు పెరుగుతుంది. పలచగా, కుట్లు లేకుండా, ఒంటికి అతుక్కుని ఉండేది ఎంచుకోండి. సీటు మీద కూర్చోబోయే ముందు ప్యాడ్‌లో మడతలు లేకుండా ఒక్కసారి కిందికి, వెనక్కు లాగి సర్దుకోవాలి. పురుషులు అవయవాలను ముందుకు, పైకి సర్దుకుని ఎక్కాలి. ఎక్కాక సర్దుకుందామంటే ఆ అవకాశం యూనిసైకిల్ ఇవ్వదు.

మన ప్రాంతపు ఎండలో, ముఖ్యంగా విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతపు ఉక్కలో, చెమటే ప్రధాన శత్రువు. తడిచర్మం పొడిచర్మం కంటే త్వరగా ఒరుసుకుంటుంది. ఆరిన చెమట మిగిల్చే ఉప్పు సన్నని ఇసుకలా గీరుతుంది. చాలామంది టాల్కం పౌడరు వేసుకుంటారు, కాని అరగంట చెమట తరవాత అది ఉండలు కట్టి మరింత గీరుతుంది. తొడల లోపలివైపు, గజ్జల్లో పలచగా వాజ్‌లైన్ రాసుకోవడం మేలు. సైకిల్ దుకాణాల్లో దొరికే ప్యాడ్ క్రీము ఇంకా బాగుంటుంది, ఉతికితే సులభంగా పోతుంది. కొబ్బరినూనె గంటలోపు సవారీలకు పనిచేస్తుంది కాని త్వరగా ఇంకిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే ఆరు గంటలకల్లా బయలుదేరితే ఈ పేరాలోని సగం సమస్యలు అసలు రావు.

ఇంటికి రాగానే షార్ట్స్ విప్పేయండి. తడిసిన ప్యాడ్‌తో కూర్చుని కాఫీ తాగుతూ ఫోన్ చూసుకోవడమే గజ్జల్లో కురుపులకూ తామరకూ మొదటి కారణం. సబ్బుతో కడుక్కుని, పొడిగా తుడుచుకుని, గాలి ఆడే వదులు బట్ట కట్టుకోవాలి. ఈ ఒక్క విషయంలో లుంగీని మించినది ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ఒక్కో షార్ట్స్‌ను ప్రతి సవారీ తరవాత ఉతకాలి. ఎండలో ప్యాడ్ పైకి కనిపించేలా తిరగేసి ఆరవేయాలి.

నాలుగో దశ: కూర్చునే తీరు, లేచే తీరు

పైన చెప్పినవన్నీ పానాతోనో దుకాణంలోనో అయిపోయే పనులు. ఇది సాధన చేయవలసినది, నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది కూడా.

కూర్చునే తీరులో ముఖ్యమైనది నడుము. భయంతోనో, చూపు బాగా ముందుకు సారించాలనో నడుమును లోపలికి వంచి పొట్ట ముందుకు తోస్తే, కటి ముందుకు ఒరిగి బరువు మెత్తని భాగం మీదికి చేరుతుంది. బొడ్డును కొద్దిగా వెన్నువైపు లాక్కుని, వీపును నిటారుగా, భుజాలను వదులుగా ఉంచితే బరువు వెనక్కు జరిగి ఎముకల మీద పడుతుంది. ఎముకలు దాన్ని మోయగలవు. ఇంట్లో గట్టి చెక్కకుర్చీ మీద కూర్చుని నడుమును ముందుకూ వెనక్కూ ఒరిగిస్తూ చూస్తే ఈ తేడా అర నిమిషంలో అర్థమవుతుంది.

ఆ తరవాత లేవడం నేర్చుకోవాలి. చదునైన, రద్దీ లేని రోడ్డు మీద స్థిరమైన వేగంతో పోతూ, ఒక చేత్తో సీటు ముందున్న పిడిని పట్టుకోండి. రెండు పాదాల మీదా బరువు వేసి పిరుదులను సీటు నుంచి ఒక వేలెడంత ఎత్తుకు లేపండి. అదే సమయంలో చేతితో పిడిని పైకి లాగుతూ సీటును తొడల మధ్య బిగించి ఉంచండి. మొదట ఒక్క చుట్టు చాలు. పూర్తిగా నిలబడాల్సిన పని లేదు. బరువు సీటు మీద నుంచి తొలగితే చాలు, ఆ కాసేపట్లో నొక్కుకుపోయిన చోటుకు రక్తం తిరిగి చేరుతుంది. తొలిరోజు చక్రం తూగుతుంది, ఎందుకంటే కూర్చున్నప్పుడు సీటు ద్వారా నడుము చేసే సవరణలు ఇప్పుడు పాదాలు చేయాలి. వారంలో ఐదు చుట్లు, మూడు వారాల్లో ఇరవై చుట్లు లేచి తొక్కగలుగుతారు. అప్పటి నుంచి ప్రతి ఐదు నిమిషాలకు ఒకసారి ఇరవై చుట్లు లేచి తొక్కడం నియమంగా పెట్టుకోండి. తిమ్మిరి వచ్చాక లేవడం కాదు, రాకముందే లేవాలి.

మన కాలనీల్లో అడుగడుగునా ఉండే స్పీడ్ బ్రేకర్లు ఈ విషయంలో మేలే చేస్తాయి. వాటి మీద కూర్చునే పోతే ఆ కుదుపంతా వెన్ను కింద తగులుతుంది. ముందుగానే లేచి, మోకాళ్లు వంచి దాటితే కుదుపూ తగలదు, విశ్రాంతీ దొరుకుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బలం కోసం ఎలాగూ పిడి లాగుతూ లేస్తారు కనుక, చదునుగా ఉన్న పొడవాటి దారే అన్నిటికంటే ఎక్కువ కష్టపెడుతుంది. హుస్సేన్‌సాగర్ చుట్టూ గానీ, విశాఖ బీచ్ రోడ్డు మీద గానీ దారి బాగుంది కదా అని ఎడతెరిపి లేకుండా తొక్కేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

లేచి తొక్కడం ఎంత వచ్చినా, అరగంటకు ఒకసారి దిగి రెండు నిమిషాలు నడవండి. ఆరితేరినవారు కూడా నిరంతరం కూర్చునే ఉండరు. 2008లో కెనడాలోని నోవా స్కోషియాలో జరిగిన సుమారు 800 కిలోమీటర్ల యూనిసైకిల్ పందెం రిలే పద్ధతిలోనే సాగింది. జట్టుకు ముగ్గురు చొప్పున వంతులు మార్చుకుంటూ తొక్కారు. పందెంలో దొరికే ఆ విరామాన్ని ఒంటరిగా తొక్కేవారు తమకు తామే ఇచ్చుకోవాలి.

ఐదో దశ: పిడి, క్రాంకు, టైరు

29 అంగుళాలు, అంతకంటే పెద్ద చక్రాలు వాడేవారు సీటు ముందు బిగించే పొడవాటి హ్యాండిల్ గురించి ఆలోచించాలి. ముంజేతుల బరువులో కొంత దాని మీద వేస్తే సీటు మీద ఆ మేరకు తగ్గుతుంది, ఒళ్లు కొంచెం ముందుకు ఒరగడంతో కూర్చునే కోణమూ మారుతుంది. అది లేకుండా రెండు చేతులూ గాలిలో ఆడిస్తూ తొక్కేవారి బరువంతా ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. హ్యాండిల్ వేసుకున్న కొత్తలో సీటు వాలును మళ్లీ సరిచూసుకోవలసి ఉంటుంది. 24 అంగుళాల చక్రానికి దీని అవసరం లేదు, సీటుతో వచ్చే చిన్న పిడి చాలు.

క్రాంకు పొట్టిదైతే పాదం చిన్న వృత్తంలో తిరుగుతుంది, తొడ ఎగిరిపడటం తగ్గి ఒరుపు తగ్గుతుంది. కాని ఎత్తులు ఎక్కడం, బండిని ఆపడం కష్టమవుతాయి కనుక పట్టు చిక్కినవారికే ఇది. 150 నుంచి 125 మిల్లీమీటర్లకు మారితే, కింది పెడల్ 25 మిల్లీమీటర్లు పైకి వస్తుంది. సీటును కూడా అంతే పైకి లేపాలి. ఈ లెక్క మరిచిపోయి, కొత్త క్రాంకులతో మోకాళ్లు నొప్పులు పుట్టాయని వాటిని తీసి పారేసినవారు ఉన్నారు.

టైరులో గాలి గట్టిగా ఉంటే రోడ్డు మీది ప్రతి గులకరాయీ ఒంటికి తెలుస్తుంది. ఐదు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గించి చూడండి. మలుపుల్లో చక్రం బరువుగా, మొండిగా తిరుగుతున్నట్టు అనిపిస్తే ఎక్కువ తగ్గించినట్టు.

ఆరో దశ: ఇప్పుడు సీటు

ఇవన్నీ చేసి నెలరోజులు గడిచినా అదే చోట అదే బాధ ఉంటే, అప్పుడు సీటు ఆకారం మీ శరీరానికి సరిపడలేదని అర్థం. సీటు ఎంచుకునేటప్పుడు వేలితో నొక్కి మెత్తదనం చూడటం వల్ల ప్రయోజనం లేదు. మరీ మెత్తని ఫోమ్‌లో ఎముకలు దిగిపోతాయి, వాటి మధ్యనున్న భాగం పైకి తేలి నొక్కుకుంటుంది, తిమ్మిరి పెరుగుతుంది. చూడవలసినవి మూడు: వంపు ఎంత, మధ్యలో గాడి ఉందా, నడుమభాగం ఎంత సన్నం. దూరాలు తొక్కేవారికి వంపు తక్కువగా, దాదాపు చదునుగా ఉండి, పొడవునా గాడి ఉన్న సీటు మేలు. గెంతులు, విన్యాసాలు చేసేవారికి పలచని సీటు అనువు, కాని వారు దాని మీద ఎక్కువసేపు కూర్చోరు. వెనకభాగం వెడల్పుగా ఉంటే ఎముకలకు ఆసరా దొరుకుతుంది, కాని అది తొడల వెనకవైపు రాసుకునేంత ఉండకూడదు.

పాత సీటునే బాగుచేసుకోవాలనుకునేవారికి గాలి సీటు అనే పాత పద్ధతి ఉంది. కవరు విప్పి, ఫోమ్ పైపొరను కోసి, పిల్లల సైకిల్ చిన్న ట్యూబును మడిచి లోపల పెట్టి, వాల్వు బయటికి వచ్చేలా కవరు తిరిగి బిగిస్తారు. గాలి ఎక్కువైతే బంతి మీద కూర్చున్నట్టు ఎగిరిపడతారు, తక్కువైతే అడుగు ప్లాస్టిక్ తగులుతుంది. కూర్చున్నప్పుడు ట్యూబు సగం అణిగేంత గాలి సరిపోతుంది. శ్రమకు వెరవనివారికి ఇది చవకైన ప్రయోగం. మామూలు సైకిల్ సీటును అడాప్టరుతో బిగించుకునేవారూ ఉన్నారు. కొందరికి అది బాగా కుదురుతుంది, కాని దానికి పట్టుకునే పిడీ ఉండదు, కిందపడితే కాపాడే బంపర్లూ ఉండవు. నేనైతే పడటం పూర్తిగా తగ్గిన తరవాతే దాని జోలికి వెళ్లమంటాను.

దూరం పెంచడం, పుండ్లు పడితే చేయవలసినది

వారానికి ఒకసారి 15 కిలోమీటర్లు తొక్కడం కంటే, వారానికి నాలుగుసార్లు 4 కిలోమీటర్లు తొక్కడం ఎముకల నొప్పిని త్వరగా తగ్గిస్తుంది. బాధ లేకుండా మూడు సవారీలు పూర్తయ్యాకే ఒకటి రెండు కిలోమీటర్లు పెంచండి. దారిని ఇంటి చుట్టూ తిరిగేలా ఎంచుకుంటే, బాధ మొదలవగానే మానేసి నడిచి రావచ్చు. నేరుగా పది కిలోమీటర్లు దూరం పోతే తిరుగుదారంతా ఓర్చుకోవలసి వస్తుంది. అసలు పుండ్లు పడేది ఆ తిరుగుదారిలోనే.

చర్మం ఎర్రబడితే ఒకటి రెండు రోజులు, చర్మం ఊడితే పూర్తిగా మానేదాకా తొక్కవద్దు. చిన్న కురుపును గిల్లవద్దు. గోరువెచ్చని నీటి కాపడం పెట్టి పొడిగా ఉంచండి. కురుపు పెద్దదై చీము పట్టినా, జ్వరం వచ్చినా వైద్యుడికి చూపించాలి. దిగిన తరవాత కూడా గంటల తరబడి తిమ్మిరి తగ్గకపోయినా, మూత్రంలో మంట గానీ రక్తం గానీ కనిపించినా సిగ్గుపడకుండా అదే రోజు వెళ్లండి, 'యూనిసైకిల్ తొక్కుతాను' అని స్పష్టంగా చెప్పండి; ఆ మాట చెప్పకపోతే వైద్యుడు కారణం కోసం వేరే చోట వెతుకుతారు.

మళ్లీ ఎక్కే రోజున, బయలుదేరే ముందు టేపు గుర్తు క్లాంపుకు ఆనుకునే ఉందా, సీటు ముక్కు టైరు మధ్యగీత మీదే ఉందా చూసుకుని, పాత దూరంలో సగంతో మొదలుపెట్టండి.